కృష్ణను కట్టుకున్న లారీ

మా గుడివాడ శాఖా గ్రంథాలయంలో యాత్రల పుస్తకాలకు ఒక బీరువా ఉంది. అందులో కాశీ ఉంది, మానససరోవరం ఉంది, మంచు దేశాలున్నాయి. కరెంటు పోయి కుట్టు మిషను ఆగిన మధ్యాహ్నాల్లో నేను ఆ బీరువా అంతా చదివేశాను. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా వెళ్లి రాసినవాళ్లు మాత్రం ఒక్కరూ కనపడలేదు. ఇంత దగ్గర ఊళ్ల గురించి రాయడానికేముంటుందని అనుకుని ఉంటారు.

నేను రాయడానికి ఒక కారణముంది. హైవే మీద ఒళ్లంతా బొమ్మలున్న లారీలు పోతుంటే అందరం చూస్తాం. అది రంగు కాదు, వినైల్ అనే పల్చటి పొర అనీ, దాన్ని వేళ్లు నొప్పిపుట్టేలా అతికించిన మనిషి ఒకరుంటారనీ ఎవరికీ తట్టదు. లారీ మీద యజమాని పేరుంటుంది, దేవుడి పేరుంటుంది, పిల్లల పేర్లుంటాయి. అతికించిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. ఆ మనిషి నా స్నేహితురాలు నూర్జహాన్. అందుకని ఆమె పేరు ఈ కాగితం మీదైనా ఉండాలి.

మేమిద్దరం ఒకే టైలరింగ్ క్లాసులో జాకెట్ కటింగ్ నేర్చుకున్నాం. పెళ్లయ్యాక తను నందిగామ వెళ్లి రేడియం షాపు పెట్టింది. బైకుల నంబరు ప్లేట్లు, ఆటోల వెనక పేర్లు, అదీ పని. నిజానికి ఆ స్టిక్కర్లలో రేడియం అనే లోహం ఉండదని నేను చదివి తనకి చెప్పాను. "బోర్డు మీద రేడియం అని లేకపోతే ఒక్కడూ రాడే తల్లీ" అంది.

మొన్న మాఘమాసంలో ఫోన్ చేసింది. "ఏమే పద్మా, ఒక లారీకి బట్టలు కట్టాలి. నాకు ఇంకో జత చేతులు కావాలి. వస్తావా?"

కత్తెర సంచిలో వేసుకుని బయల్దేరాను.

కంచికచర్లలో దిగిపోయాను

విజయవాడ దాటాక పొగమంచు బస్సు కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చుంది. చేతిలో ప్లాస్టిక్ ఎలా పుట్టిందో చెప్పే గ్రంథాలయం పుస్తకం. చదువుతున్నానో నిద్రపోతున్నానో నాకే తెలియని స్థితిలో కండక్టర్ "దిగండి దిగండి" అన్నాడు. దిగిపోయాను. బస్సు వెళ్లిపోయాక చూస్తే బోర్డు మీద కంచికచర్ల అని ఉంది.

మంచులో మిరపకాయల టిక్కీ బస్తాలు ఎర్రగా, మసకగా, నిద్రపోతున్న ఏనుగుల్లా వరసగా ఉన్నాయి. ఎక్కడి నుంచో దగ్గు, ఎక్కడి నుంచో తుమ్ము వినిపిస్తున్నాయి గానీ మనుషులు కనపడరు. ఆ తెల్లదనంలోంచి రేగుపళ్ల గంపతో ఒకావిడ బయటపడింది.

"ఎక్కడికమ్మా?"

"నందిగామండి."

"మరి ఇక్కడ దిగావేం?"

"పుస్తకం చదువుకుంటూ చూసుకోలేదు."

"అంత పుస్తకం చదివేదానివి, ఇంత బోర్డు చదవలేకపోయావా?" అని నవ్వి, ఇరవై రూపాయల పళ్ల మీద ఇంకో గుప్పెడు వేసింది. మా గుడివాడలో కొసరు అడిగితే మొహం చిట్లిస్తారు. ఇక్కడ తెలివితక్కువదానికి అడక్కుండానే పెడతారు.

తర్వాతి బస్సులో పుస్తకం తీయలేదు. మాది చదునైన వరి నేల, చూపు జారుకుంటూ పోతుంది. ఇక్కడ నేల ఊపిరి తీసుకుంటున్నట్టు పైకి లేచి కిందికి దిగుతుంది. ఒక్కో మిట్ట ఎక్కినప్పుడల్లా మంచులోంచి పత్తి చేను తేలి, మళ్లీ మునిగిపోయింది.

నందిగామలో లారీకి కొలతలు

నూర్జహాన్ ఇంటి గుమ్మంలో మగవాళ్ల చెప్పులున్నాయి. కొని ఏడాదైనా అరగలేదట. అవి ఆమె భర్త కరీముల్లావి. అతను గుజరాత్ లైన్లో లారీ నడుపుతాడు. ఇల్లు చేరి చెప్పులేసుకునే లోపే మళ్లీ లోడు వస్తుంది.

"ఈ పని నిలబడిందనుకో, ఆయన్ని స్టీరింగ్ దింపేస్తానే" అంది నూర్జహాన్, అన్నం పెడుతూ. "ఇద్దరం కలిసి అతికించుకుంటాం. ఒక్కదాన్నే అయితే పెద్ద పని ఒప్పుకోలేను. పెద్ద పని లేకపోతే ఆయన దిగలేడు."

పని ఇస్తానన్నది సత్యనారాయణగారు. జగ్గయ్యపేటలో సిమెంటు వ్యాపారం, తాతల నాటి నుంచి లారీలున్న ఇల్లు. అంతకుముందు ఎవరో ఆయన బండికి చవక పొర అతికిస్తే నెల తిరక్కుండా పెచ్చులూడిపోయింది. అందుకని నూర్జహాన్‌కి ముందు ఒక్క లారీ ఇచ్చారు. అది నందిగామ నుంచి హైవే గాలికి జగ్గయ్యపేట చేరాలి, అక్కడ సర్వీసింగ్‌లో జోరు నీళ్ల దెబ్బ తినాలి, మర్నాడు పొద్దున వేదాద్రి నరసింహస్వామి దగ్గర పూజకు ఆయన కళ్ల ముందు నిలబడాలి. పొర ఎక్కడా లేవకపోతే మిగతా బళ్లు నూర్జహాన్‌కి. లేస్తే విజయవాడ స్టిక్కర్ల వాళ్లకి.

పొరల్లో రెండు రకాలున్నాయని నేను చదివాను. ఒకటి అప్పడంలా నొక్కి సాగదీసింది. ఎండ తగిలితే తన పాత ఆకారం గుర్తొచ్చి ముడుచుకుంటుంది. రెండోది దోసెలా పోసి ఆరబెట్టింది. అది పోసినచోటే హాయిగా ఉంటుంది. నూర్జహాన్ దోసె రకమే తెప్పించింది. దాని మీద అచ్చువేయించిన బొమ్మ విప్పి చూపించింది. వేదాద్రి రేవులో తను ఫోన్లో తీసిన కృష్ణ నీళ్లు. చిన్న చిన్న అలలు, కింద నీలం, పైకి పోనుపోను తెలుపు. బొమ్మ పరిచిన గదిలో అడుగు వేయాలంటే చీర కుచ్చిళ్లు ఎత్తుకోవాలనిపించింది.

మర్నాడు సత్యనారాయణగారి నందిగామ గోడౌన్ ముందు తెల్ల లారీ కడిగి సిద్ధంగా ఉంది. స్పిరిట్‌తో రేకంతా తుడిచాం. డ్రైవరు తలుపులకీ, సరుకు వేసే తొట్టి పక్కలకీ పొరలు ఆనించి అయస్కాంతాలతో నిలబెట్టాం. మూలల్లో జిగురు మీదుండే వెనక కాగితం కాస్త ఒలిచి మడిచిపెట్టింది నూర్జహాన్. మంచు వల్ల రేకు చల్లగా ఉంది. రేకు చల్లగా ఉంటే జిగురు పట్టదు, ఎండ రావాలి.

ఆ సమయంలో ఆటో దిగి రత్నమ్మగారు వచ్చారు. సత్యనారాయణగారి తల్లి. నందిగామలో కూతురింటికి వచ్చి, కొడుకు బండి చూసి పోదామని వచ్చారట. సన్నటి పొట్టి మనిషి, పెద్ద బొట్టు.

"ఏవిటమ్మా ఇది, బండికి చుట్టారు?"

నాకు జిగురు శాస్త్రమంతా చెప్పాలని నోరు దురద పెట్టింది గానీ, తేలికగా అర్థమయ్యేలా చెబుదామనుకున్నాను. "బండికి కొత్త బట్టలండి మామ్మగారూ. ఇదే మొదటిసారి కట్టించడం."

"అలాగా!" అని ముచ్చటగా చూశారు. "మీరెళ్లి ఏదన్నా తినిరండి. నేనిక్కడే కూచుంటా."

ఎదురు కొట్లో నెయ్యి కారప్పొడి ఇడ్లీ తిన్నాం. ప్లేటు నలభై. మా ఊళ్లో నెయ్యి చూపిస్తారు, ఇక్కడ పోస్తారు. తిరిగొచ్చేసరికి ఎండొచ్చింది, మామ్మగారు ఆటో ఎక్కుతున్నారు.

ఇక పని. నేను కాగితం మెల్లగా లాగుతుంటే నూర్జహాన్ అరచేతి వెడల్పు ప్లాస్టిక్ బిళ్లతో నీలాన్ని రేకు మీదికి గీకేది. నడుమ నుంచి అంచుకి, నడుమ నుంచి అంచుకి. కింద చిక్కిన గాలి బుడగలు చేపపిల్లల్లా పరిగెత్తి అంచు దగ్గర మాయమయ్యేవి. రివిట్ల దగ్గర వేడిగాలి మిషను పెడితే పొర వెన్నలా మెత్తబడి ఒదిగిపోయేది. ఒకచోట నా పైటచెంగు కూడా నదిలోకి పోయింది. అంటుకుపోయి రాదు!

"కదలకే, కదలకే! జిగురుకి వేడి పెడితే వస్తుందని పుస్తకాల్లో లేదా?" అంటూ వేడిగాలి నా చీర మీదకి తిప్పింది.

సాయంత్రానికి లారీ లేదు. లారీ ఆకారంలో కృష్ణ నిలబడి ఉంది.

చిల్లకల్లు దగ్గర టీ

లారీ డ్రైవరు మస్తాన్‌రావుగారు. పేరు వినగానే ముసల్మానా హిందువా అని మా వైపు కూడా ఎవరూ అడగరు, దర్గాకి మొక్కుకుని పెట్టిన పేరు. పొద్దున్నే నూర్జహాన్‌నీ నన్నూ క్యాబిన్లో ఎక్కించుకున్నారు.

లారీలోంచి చూస్తే లోకం మనకింద ఉంటుంది. పక్క అద్దంలో చూస్తే మా లారీ పక్క కనపడేది. మంచులో హైవే వెనక్కి పారుతోంది, దాని మీద మా నది ముందుకి పారుతోంది. సైకిల్ మీద పాలవాడు ఒకడు తల తిప్పి చూస్తూ, చూస్తూ, మా వెంట కొంత దూరం తేలాడు. ఎక్కడో మేకలు ఆగిపోయి చూశాయి. నీళ్లనుకున్నాయేమో. నాకైతే పడవలో పోతున్నట్టే ఉంది. నూర్జహాన్ కళ్లు మూసుకుంది. నిద్రపోలేదు, పెదవులు కదులుతున్నాయి.

చిల్లకల్లు దగ్గర టీకి ఆగాం. పది రూపాయలు, చిన్న గ్లాసు, చిక్కటి టీ. మస్తాన్‌రావుగారు టైర్లు తట్టి చూస్తూ తలుపు దగ్గర ఆగిపోయారు.

"అమ్మా నూర్జహానూ, ఇట్రా. ఇదేంది, చెవి లేచింది?"

తలుపు కింది మూల కుక్క చెవిలా మడతపడి ఉంది. తొట్టి పక్కన ఇంకోటి. రెండో వైపు కూడా. నూర్జహాన్ టీ గ్లాసు కింద పెట్టి, గోటితో పొర ఎత్తింది. జిగురు వైపు పచ్చగా ఏదో మరక. వేలితో తీసి వాసన చూసింది.

"పసుపే."

నేను వంగి లారీ చుట్టూ చూశాను. లేచినవన్నీ కింది మూలలే. పై మూలలు గట్టిగా ఉన్నాయి. పొట్టి మనిషి చెయ్యి అందినంత మేరే. కొత్త బట్ట కట్టే ముందు అంచుకి పసుపు పెట్టని ఇల్లు మన దగ్గర ఏదీ? పైకి కనపడకుండా లోపలి వైపే పెడతాం. మామ్మగారు అదే చేశారు. కొత్త బట్టలని ఆవిడకి చెప్పింది నేను.

"ముందే ఒలిచిన మూలలు కదా, కింద చూడకుండా నొక్కేశా" అంది నూర్జహాన్. గాలి దూరిన మూల రెపరెపలాడుతోంది. "ఇక్కడ నీళ్లు కొడితే మొత్తం తోలు ఒలిచినట్టు ఊడొస్తుంది."

"యజమానికి ఫోన్ చేసి మీ అమ్మగారే పెట్టిందని చెప్పు" అన్నారు మస్తాన్‌రావుగారు. "అయిపాయె."

"చెప్తే నా సరుకు పేరు నిలబడిద్ది అన్నా. పెద్దావిడని కొడుకు నలుగుర్లో కసురుకుంటాడు. ఆవిడ బండి బాగుండాలనే గదా పెట్టింది."

"చెప్పకపోతే?" అన్నాను.

"మా ఆయన గుజరాత్ లైన్లోనే ఉంటాడు" అంది, లేచిన మూలని బొటనవేలితో నొక్కి పట్టుకుని.

జగ్గయ్యపేటలో మస్తాన్‌రావుగారి వాకిలి

జగ్గయ్యపేట దగ్గర పడుతుంటే చెట్ల ఆకులు తెల్లబడ్డాయి. సున్నపురాయి దుమ్ము. పిట్టగోడలు, గేదెలు, తాటిచెట్లు అన్నీ పౌడరు రాసుకుని ఏదో పెళ్లికి బయల్దేరినట్టున్నాయి. ఆ తెలుపులోకి మా నీలం లారీ వెళుతుంటే మాకే వింతగా ఉంది.

మస్తాన్‌రావుగారు లారీని తన ఇంటి వాకిట్లో ఆపారు. ఆయన భార్య సైదమ్మగారిది కోదాడ వైపు, మాట అటే లాగుతుంది.

"ఏందక్కా, మొఖం గట్ల పెట్టినవ్? పానం బాలేదా?" అని నూర్జహాన్‌ని అడిగి, విషయం విని, పకపకా నవ్వేసింది. "ముసలమ్మ మంచి పనే చేసింది తియ్! బండికి గూడ ముత్తైదు బొట్టు పెట్టింది."

ఆ నవ్వుకి నూర్జహాన్‌కి కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. స్టీలు గ్లాసు అడిగి తీసుకుంది. దాన్ని కింది మూల మీద బోర్లించి, అంచు వెంట బ్లేడుతో గుండ్రంగా కోసింది. పసుపు అంటిన మేర పోయింది. నేను స్పిరిట్‌తో రేకు తుడిచాను, తను వేడి పెట్టి కొత్త అంచుని నొక్కింది. జాకెట్ మెడ చిరిగితే ఇంకాస్త కిందికి దించి కుట్టేస్తాం చూడండి, అలాగ. ఒక మూల అయ్యాక ఇంకో మూల. వీధిలో పిల్లలు చేరి నీళ్ల బొమ్మ మీద చెయ్యి పెట్టి, తడి అంటలేదేమా అని అరచేతులు చూసుకుంటున్నారు.

"అందంగానే ఉంది" అన్నాను.

"సత్యనారాయణగారికి గీసిచ్చిన బొమ్మలో చదరం ఉంది పద్మా. ఆయన కన్ను డేగ కన్ను."

సైదమ్మగారు జొన్నరొట్టెలు, గోంగూర పచ్చడి పెట్టింది. మేం జొన్నలు పిట్టలకే వేస్తాం. ఇక్కడ వేడి వేడి రొట్టె ఉబ్బి, చేతిలో చల్లబడుతూ తీపెక్కుతుంది. సాయంత్రం సర్వీసింగ్‌లో జోరు నీళ్లు కొట్టించారు. నీళ్ల బొమ్మ మీద నీళ్లు పడి, ఏది నది, ఏది పైపు నీరో తెలియకుండా పోయింది. నూర్జహాన్ కింది అంచుల మీదే కళ్లు పెట్టుకుని నిలబడింది. ఒక్కటీ లేవలేదు.

వేదాద్రి రేవు

పొద్దున వేదాద్రిలో కృష్ణ మీద పొగ లేస్తోంది. లారీని రేవుకి దగ్గరగా నిలిపారు. వెనక నది, ముందు నది. నడుమ అలల గీత ఎక్కడ తెగిందో వెతకాలి. పూజారిగారు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతూ, "ఇదెక్కడ మొదలవుతుందో తెలీటంలేదే" అన్నారు.

సత్యనారాయణగారు, రత్నమ్మగారు కార్లో వచ్చారు. ఆయన ప్రదక్షిణం చేసినట్టు లారీ చుట్టూ తిరిగారు. అంచులు గోటితో గీకి చూశారు. లేవలేదు. కింది మూల దగ్గర వంగారు.

"ఏంటమ్మా, బొమ్మలో మూలలు చదరం కదా. పైన చదరంగా ఉండి కింద గుండ్రం ఏంటి? లేస్తే కోసేశావా?"

"కోశానండి" అంది నూర్జహాన్.

"అంటే లేచిందన్నమాట."

"లేచిందండి."

"సరుకు మంచిదన్నావు?"

"సరుకు మంచిదేనండి."

"మరెందుకు లేచింది?"

నేను నోరు తెరిచాను. నూర్జహాన్ నా మణికట్టు పట్టుకుని నొక్కింది. ఆ వేళ్ల బలం నాకు అప్పుడు తెలిసింది. సత్యనారాయణగారు జేబులోంచి ఫోను తీశారు. "పని నీటుగానే ఉందమ్మా, కాదనను. కానీ లేచిందానికి కారణం చెప్పలేనివాళ్లకి బళ్లెలా ఇవ్వను? విజయవాడ వాళ్లనే రమ్మంటా."

లారీ అవతలి నుంచి గొంతు వినపడింది. "ఒరే సత్యం! నా పసుపేదిరా?"

రత్నమ్మగారు తలుపు కింద వంగి వెతుకుతున్నారు.

"ఏ పసుపమ్మా?"

"నందిగామలో నా చేత్తో పెట్టాను, చెయ్యందిన మూలలన్నిటికీ. కొత్త బట్టలంట గదా. పసుపు పెట్టకుండా ఎలా కట్టిస్తారు? ఎవరో తుడిచేశారు."

"మూలలకి ఎక్కడ పెట్టావు?"

"లోపలి వైపేరా, జిగటగా ఉండేచోట. బట్టకి పైన పెడతారా ఎవరన్నా?"

సత్యనారాయణగారి చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. అవతల ఎవరో "హలో, హలో" అంటున్నారు. ఆయన ఫోను కట్టేసి నూర్జహాన్ వైపు తిరిగారు.

"తెలుసా నీకు?"

"చిల్లకల్లులో తెలిసిందండి."

"అడిగినప్పుడు చెప్పవేం?"

"పెద్దావిడ శుభమని పెట్టింది. దానివల్లే చెడిందని గుడి ముందు నిలబడి ఎట్టా చెప్పమంటారు?"

రత్నమ్మగారికి అప్పుడర్థమైంది. సిగ్గుపడతారనుకున్నాను. లేదు! "అయితే అయింది. పసుపు లేకుండా నా బండ్లేవీ బట్ట కట్టవు, ఇప్పుడే చెప్తున్నా" అని రేవు మెట్టు మీద కూర్చున్నారు.

"అమ్మా, అది బట్ట కాదు..."

"నువ్వూరుకో. ఏమ్మా నూర్జహానూ, ఎక్కడ పెట్టమంటావో నువ్వే చెప్పు."

నూర్జహాన్ లారీ తలుపు తెరిచింది. తలుపు అంచు లోపలికి, మేం పొరని చీర మడతలా తిప్పి నొక్కాం. ఆ మడత పక్కన, తలుపు వేస్తే కనపడనిచోట, వట్టి తెల్ల రేకు వేలెడు వెడల్పున ఉంది.

"ఇక్కడ పెట్టండి మామ్మగారూ. నేను అతికించడం అయ్యాక. ఇది లోపలి వైపే."

ఆవిడ లేచొచ్చి, మడత తడిమి, పూజారిగారి పళ్లెంలోంచి పసుపు తీసి అద్దారు. తలుపు తనే వేశారు. తెరిచి చూసుకుని, మళ్లీ వేశారు.

"కనపట్టంలేదు. బావుంది."

సత్యనారాయణగారు వంగి గుండ్రటి మూలని ఇంకోసారి గోటితో గీకి చూశారు. "ముందు నాలుగు బళ్లు చెయ్యి" అన్నారు చివరికి. "ఈ ఎండాకాలం దాటాక చూసి మిగతావి. కింది మూలలే కాదు, పైవి కూడా గుండ్రంగానే కొయ్యి. గాలి పట్టదు."

కొబ్బరికాయ పగిలింది. చల్లటి నీళ్లు నా పాదాల మీద పడ్డాయి. నూర్జహాన్ ఫోను పట్టుకుని మెట్లు దిగి నీళ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ ప్రయాణంలో నాకు సాయపడ్డవాళ్లందరికీ దండం పెట్టాలి. పేరు అడగడం మరిచిపోయిన కంచికచర్ల రేగుపళ్లావిడకి. లారీని పడవలా నడిపిన మస్తాన్‌రావుగారికి. రొట్టెలూ నవ్వులూ పెట్టిన సైదమ్మగారికి. వేదాద్రి పూజారిగారికి, నాలుగు బళ్లైనా ఇచ్చిన సత్యనారాయణగారికి. తను పెట్టిన పసుపు తనే వెతుక్కున్న రత్నమ్మగారికి. నా చెయ్యి నొక్కి నోరు మూయించిన నూర్జహాన్‌కి. ఇంకా, ఈసారి నేను చూడనే చూడని కరీముల్లాగారికి. రేవు మెట్ల మీద నూర్జహాన్ సంగతంతా చెప్పి ఊరుకుంటే, ఫోన్లో అవతలి నుంచి చాలాసేపు లారీలు పోతున్న చప్పుడే వినపడిందట. తర్వాత ఆయన మెల్లగా అడిగారట: "ఆ గీకే బిళ్ల కుడి చేత్తో పట్టుకోవాలా, ఎడం చేత్తోనా?"